తాడు పెట్టి పెంచిన గోరింట

పెళ్ళయి ఈ ఊరు వచ్చిన వారంలోనే నాకు ఒక సంగతి అర్థమైంది. విడవలూరుకీ సముద్రానికీ మధ్య ఉన్న ఈ పల్లెలో ఏదీ తిన్నగా ఉండదు. వీధి వంకర, పంటకాలవ వంకర, మా ఇంటి ముందు తాటాకు పందిరి కూడా ఒక పక్కకి ఒరిగే ఉండేది. సముద్రపు గాలి ఎటు తోస్తే అటు వాలిపోవడం ఇక్కడి చెట్లకే కాదు, మనుషులకీ అలవాటే. నాకు మాత్రం ఆ అలవాటు పట్టుబడలేదు. "కామాక్షమ్మకి పంతమెక్కువ" అని ఊళ్ళో చెప్పుకుంటారు. చెప్పుకోనీ, పంతం లేని ఆడదానికి ఈ ఊళ్ళో ఒక్క పని జరగడం నేను ఇంతవరకూ చూడలేదు.

నేను పుట్టి పెరిగింది కావలిలో. మా వీధి చివర ఇంజనీర్లు వచ్చి దిగే బంగళా ఉండేది. దాని ముందు నడుమెత్తున పచ్చటి గోడ. ఇటుక గోడ కాదు, మొక్కల గోడ. తోటమాలి పెద్ద కత్తెరతో దాన్ని పైన పీటలాగా చదునుగా, పక్కల నిలువుగా కత్తిరించేవాడు. ఆ గోడల మధ్య ఎర్ర కంకర బాటలు. బడికి పోతూ గేటు కమ్మీలు పట్టుకుని చూస్తూ నిలబడేదాన్ని, వాచ్‌మన్ కసిరితే కదిలేదాన్ని. లోపలికి ఒక్కసారి కూడా పోనివ్వలేదు. ఎవరూ కసరకుండా అలాంటి బాట మీద నడవాలని ఆ రోజుల్లోనే మనసులో పడిపోయింది.

యాభై ఆరులో మా ఆయన ముత్యాలయ్యా, ఆయన అన్న పద్మనాభయ్యా వేరుపడ్డారు. ఇళ్ళు పక్కపక్కనే. పొలాలు పంచుకున్నారు, గొడ్లు పంచుకున్నారు, గుండిగలూ గంగాళాలూ పంచుకున్నారు. మా ఇంటి ముందున్న పెద్ద ఖాళీ స్థలం మాత్రం పంచకుండా ఉమ్మడిగా ఉంచారు. ఉంచారంటే బావగారు ఉంచారు. పెద్దవాడు ఉంచితే చిన్నవాడు సరేనన్నాడు. మా ఆయన పుట్టినప్పుడు మొదట పలికిన మాట కూడా "సరే" అనే అయి ఉంటుందని నా అనుమానం.

ఆ స్థలంలో ఏముండేది? ఒక మూల గడ్డివామి, ఒక మూల బర్రెల గుంజలు, వీధి వైపు బ్రహ్మజెముడు పొదలు, మిగిలిందంతా ఇసక. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా అందులో బాటలే కనిపించేవి.

బావగారి ఎదటపడి మాట్లాడే ఆచారం మాకు లేదు. ఆయన అరుగు మీద కూర్చుంటే తమ్ముడి పెళ్ళాం తలుపు వెనకే ఉండాలి. నా మాట మా ఆయన నోటి ద్వారా ఆయనకి చేరాలి. మా ఆయన నోట్లో పడ్డ మాట నానిన అటుకుల్లా మెత్తబడి బయటికొచ్చేది. ఆ రోజూ అంతే.

"అన్నా, ముందర స్థలంలో ఏవో మొక్కలు పెట్టుకుంటాదంట. నువ్వు సరేనంటేనే."

"పెట్టుకోమను. నాకు కావాల్సొచ్చిన రోజు మాత్రం పీకేయాల. మా ఇంటి పక్క ఏమీ పెట్టొద్దు, బండి తిరగాల."

మొక్క నాటకముందే పీకే మాట వచ్చింది. తలుపు వెనక నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ మడిలో ఏ విత్తనం వెయ్యాలో, ఏ ఎద్దుని అమ్మాలో, ఏ ఇంటి పిల్లని చేసుకోవాలో అన్నీ మగవాళ్ళు అరుగు మీద తేల్చేసి, తేల్చాక మంచినీళ్ళు అడిగేవాళ్ళు. ఈ ఒక్క స్థలం నేను తేల్చింది కావాలి. ఈయన చేత పీకించుకోను, చూద్దాం అనుకున్నాను. అదే నా పందెం. పందెం కాసినట్టు అవతలి మనిషికి తెలియదంతే.

మొదటి ఏడు స్థలం బాగుచెయ్యడానికే సరిపోయింది. వామి వెనక దొడ్లోకి మార్పించాను. జెముడు కొట్టించాను. వానలు తగ్గాక రెండు మేకులు కొట్టి, బొక్కెన తాడు బిగించి, వీధి గేటు నుంచి మా అరుగు దాకా ఒక బాట గీశాను. నిజంగా తిన్నటి బాట. మా ఆయన వేపపుల్ల నములుతూ చూసి, "ఏం మే, కావలి నుంచి రైలు తెప్పిస్తా ఉండావా ఏంది?" అన్నాడు.

"తెప్పిస్తే నువ్వు జెండా ఊపుదువులే" అన్నాను.

వేసవి గాలికి ఆ బాట ఇసకలో కలిసిపోయింది. మళ్ళీ గీశాను, మళ్ళీ కలిసిపోయింది. పట్టపుపాళెం నుంచి చేపలు తెచ్చే మాలకొండమ్మ గంప దించి నా అవస్థ చూసింది. ఆమెకి నవ్వు ఎక్కువ, జాలి తక్కువ.

"ఇసకలో గీత గీస్తే ఉంటాదా అమ్మా? మా ఉప్పుటేరు పక్క గుల్లలు గుట్టలు గుట్టలుగా పడుండాయి. సున్నం బట్టీవోళ్ళు తీసుకోంగా మిగిలినవి తెస్తా, పరుచుకో."

వచ్చే పోయే బండ్లలో గుల్లలు వేయించి తెచ్చింది. ఆమెకి వడ్లు కొలిచి ఇచ్చాను. ఇటుకలు ఏటవాలుగా పాతి అంచులు కట్టి, మధ్యలో గుల్లలు పరిచి దిమ్మిసతో కొట్టించాను. తెల్లారి ఎండ పడగానే ఆ బాట తెల్లగా మెరిసింది. నేను గేటు దగ్గరికి పోయి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, గొప్పింటి చుట్టంలా నడుచుకుంటూ వచ్చాను. మా ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వనీ, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మరుసటి ఏడు అడ్డబాట వేశాను. స్థలం నాలుగు చదరాలైంది. ఇక బాటల పక్కన పచ్చటి గోడ రావాలి. మొదట కనకాంబరాలు పెట్టాను. ఉప్పుగాలికి వేసవిలో మాడిపోయాయి. ఊళ్ళో వాళ్ళకి అదొక వేడుక. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. అప్పుడు నా కన్ను మా చేను గట్టున ఉన్న గోరింట మీద పడింది. నీళ్ళు లేకపోయినా చావదు, ఉప్పుగాలికి జంకదు, పుల్ల విరిచి గుచ్చితే బతుకుతుంది. కార్తీక మాసం వానల్లో పుల్లలు కొట్టించి తెచ్చి, తాడు పట్టి, జానెడు ఎడంగా బాటల పొడుగునా గుచ్చాను. స్థలం చుట్టూ కూడా మూడు వైపులా గుచ్చాను. నాలుగో వైపు బావగారిది. అది ఆయన చెప్పినట్టే బోసిగా వదిలేశాను.

పుల్లలు చిగిర్చి మోకాలెత్తు లేచాయి. లేవగానే తలలు కత్తిరించడం మొదలుపెట్టాను. మా తోటికోడలు చెంచమ్మ, అంటే బావగారి భార్య, గుండె బాదుకుంటూ వచ్చింది.

"ఎదిగే మొక్క తలకాయ నరికేది యాడన్నా ఉండాదా మే? ఉసురు తగలతాది!"

"తల కొడితేనే అక్కా, పక్కలకి కొమ్మలేసేది. మొక్కై వంగనిది మానై వంగతాదా?"

"నువ్వు మొక్కప్పుడు మీ అమ్మ ఇట్టా కొట్టుండాల్సింది" అని పోయింది. చెంచమ్మక్కకి నా మీద కోపం లేదు. ఆమె మాటే అంత.

మా ఆయన విడవలూరు కమ్మరితో చెప్పి పెద్ద కత్తెర ఒకటి చేయించుకొచ్చాడు. నేను అడగలేదు. భోజనం దగ్గర పీట పక్కన పెట్టి, "జెండా ఊపేవోడికి కూడా ఏదో ఒక పని ఉండాల గదా" అన్నాడు. ఆ మనిషిని నేను ఎన్ని మాటలన్నా భరించాడు, నేనూ అందుకే ప్రేమించాను.

అరవైయ్యో సంవత్సరానికి గోరింట నడుము దాకా వచ్చింది. తెల్లటి బాటలు, పచ్చటి గోడలు. దారిన పోయే బండ్లవాళ్ళు ఎడ్లని ఆపి చూసేవాళ్ళు. బావగారు కూడా అరుగు మీద నుంచి చూసేవారు, చూడనట్టు. సరిగ్గా అప్పుడే మా అమ్మకి జ్వరమని కబురొస్తే కావలి పోయాను. తిరిగి వచ్చేటప్పటికి ఆషాఢం నడుస్తోంది.

గేటు తీసి అక్కడే నిలబడిపోయాను. గోడ లేదు. ఎక్కడ చూసినా పుల్లలు. ఆకన్నది లేకుండా దూసేసి, పైకి అందినచోట కొమ్మలు విరిచేసి, తినేసిన చేప ముల్లులాగా ఉంది నా తోట.

ఎవరినని అడగాలి? అడిగితే నన్నే వింతగా చూస్తారు. పువ్వు కావాలంటే అడిగి కోసుకుంటారు, కూరాకు కావాలన్నా అడుగుతారు. గోరింటాకు అడిగే పని లేదు. ఆషాఢంలో ఆడదాని చేతికి ఎరుపు పడాలి, చెట్టు ఎవరి దొడ్లో ఉంటే వాళ్ళ దొడ్లోకి పోయి దూసుకోవాలి. నేను చిన్నప్పుడు చేసిందీ అదే. ఊరి ఆడవాళ్ళందరూ చెయ్యి పెట్టే చెట్టుని తెచ్చి గోడ కట్టుకున్న తెలివి నాది. పైగా వంగి కోసుకునే పని లేకుండా సరిగ్గా నడుమెత్తుకి పెంచి పెట్టాను.

కోపంతో రెండు రోజులు అన్నం తినలేదు. మా ఆయన కూడా తినకుండా కూర్చున్నాడు, దాంతో తినాల్సి వచ్చింది.

మళ్ళీ ఏడు ఆషాఢం రాకముందే నేను మేలుకున్నాను. ముందుగానే కత్తెర పెట్టి లేత ఆకంతా కొట్టేశాను. గేటుకి కంప కట్టించాను. అమ్మలక్కలు చేటలు పట్టుకుని వచ్చారు, కంప చూశారు. "లేదమ్మా, ఇది గోరింట కాదు, గోడ" అన్నాను. వాళ్ళు వెనక్కి పోయారు. నేను గెలిచాననుకున్నాను.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం వచ్చింది. పూజ చేసి, సెనగలు నానబెట్టి, ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పేరంటానికి పిలిచి వచ్చాను. సాయంత్రం దీపం పెట్టే వేళయింది, ఎవరూ రాలేదు. చీకటి పడింది, ఎవరూ రాలేదు. తాంబూలాలన్నీ పళ్ళెంలో ఉన్నట్టే ఉన్నాయి. పక్క గుమ్మంలోనే ఉన్న చెంచమ్మక్క కూడా రాలేదు. అమ్మవారి ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆ రోజు నాకు తోట మీద కూడా అసహ్యం వేసింది.

తెల్లారాక అక్క దొడ్డి గోడ మీదుగా పలకరించింది. "గోరింటాకు లేదన్న ఇంట్లో పసుపు ఎట్టా తీసుకుంటారు మే? ఆషాఢంలో ఒట్టి చేతులతో తిరిగి పంపించినావు. శ్రావణంలో నిండు చేతులతో ఎవురొస్తారు? నేనొకదాన్నే వస్తే ఊరంతా నన్ను వెలేసుండేది."

"మరి నా తోటో?"

"నీ తోట ఎవురిక్కావాల? ఆకు గావాల."

తప్పు నాదని ఈ రోజుకీ నేను ఒప్పుకోను. అడగకుండా దూసింది వాళ్ళు. కానీ కోపం చల్లారాక చేతులు నడుం మీద పెట్టుకుని తోటని ఒక్కసారి నిదానంగా చూశాను. పోయిన ఏడు నేను లేనప్పుడు ఎక్కడ ఎక్కువగా దూసి విరిచారో అక్కడ గోరింట మొదట్లో నుంచి గుబురుగా లేచింది, పిల్లి కూడా దూరడానికి సందు లేనంతగా. మా అరుగు దగ్గర మా ఆయన కూర్చుని ఉంటాడని మొహమాటపడి వాళ్ళు వదిలేసిన చోట, కింద ఒట్టి కాళ్ళు, పైన నాలుగు ఆకులు. నేను కత్తెరతో భయం భయంగా చేసిన దానికన్నా, ఊరి ఆడవాళ్ళు దయాదాక్షిణ్యం లేకుండా చేసిందే మొక్కకి మంచి చేసింది. వాళ్ళ చేతుల్లో లేనిదల్లా ఒక గీత.

గీత నా దగ్గరుంది.

అరవై రెండులో ఆషాఢం ఇంకో వారం ఉందనగా కుంకుమభరిణె పట్టుకుని బయల్దేరాను. పెళ్ళికి పిలిచినట్టు ఇంటింటికీ పోయి బొట్టు పెట్టాను. "మా ఇంట్లో గోరింట కోత, అందరూ రావాల" అన్నాను. పాలేర్ల వీధీ, రైతుల వీధీ, చివరికి పట్టపుపాళెం కూడా పోయాను. గోరింటాకుకి పిలుపేంది, ఈమెకి పిచ్చి బాగా ముదిరింది, రోకలి తలకి చుట్టుకోవడమే తరువాయి అని వెనక నవ్వుకున్నారు. వేడుక చూద్దామని మాత్రం అందరూ వచ్చారు.

అప్పటికే నేను తోట పొడుగునా మేకులు పాతి, నడుమెత్తున తాడు బిగించి పెట్టాను. అరుగు మీద నిలబడి చెప్పాను.

"తాడు పైనుండేది మీది. ఎంత కోసుకుంటారో కోసుకోండి, కొమ్మతో సహా కొట్టుకోపోండి. తాడు కింద ఒక్క ఆకు కూడా నాది. చెయ్యి పెడితే ఊరుకోను."

ముందు మాలకొండమ్మ నవ్వింది. చేపలు కోసే కత్తి నడుం నుంచి తీసి తాడు వెంబడి సర్రున ఒక కోత కోసింది. చదునుగా తెగింది. ఇంకెవరాగుతారు? కొడవళ్ళు వచ్చాయి, కత్తిపీటలు వచ్చాయి, చెంచమ్మక్క నా పెద్ద కత్తెర లాక్కుంది. ఎవరి కోత బాగుందని వాళ్ళలో వాళ్ళకే పోటీ. "నీది గుంటపడింది చూసుకో" అని ఒకరు, "నీ మూతిలాగా వంకరుండాది" అని ఇంకొకరు. ఎండెక్కేలోపు నేను నెల రోజులు తంటాలుపడే పని అయిపోయింది, నేను ఏనాడూ చెయ్యలేనంత బాగా. తాడు కింద ఒక్క ఆకు పోలేదు.

మధ్యాహ్నం మా అరుగు మీద రోళ్ళలో ఆకు రుబ్బుకుని అక్కడే కూర్చుని పెట్టుకున్నారు. ఆ పూట ఊళ్ళో మగవాళ్ళకి సద్దన్నమే గతి, పెళ్ళాల చేతులు ఖాళీ లేవు. శ్రావణంలో నా పేరంటానికి అరుగు చాలక బాటల మీద చాపలు పరిచాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ అదే ఆనవాయితీ అయింది. ఏడాదికి బెత్తెడు చొప్పున తాడు పైకి జరిపేదాన్ని. గోరింట భుజం దాకా వచ్చింది, అంత వెడల్పూ అయింది. ఊళ్ళో వాళ్ళకి పని ఎక్కువై కోత వారం రోజులు సాగేది, రోజుకొక వైపు. అత్తగారిళ్ళ నుంచి ఆషాఢానికి వచ్చిన కొత్త పెళ్ళికూతుళ్ళు ముందు మా గేటు తీసి, ఆ తర్వాతే పుట్టింటి గడప తొక్కేవాళ్ళు. మూడు వైపులా పచ్చటి గోడ. నాలుగో వైపు మాత్రం బోసిగా, పళ్ళూడిన నోరులాగా ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు మా బావగారి మాట గుర్తొచ్చేది.

అరవై ఆరులో ఆ మాట రానే వచ్చింది. బావగారు వడ్ల వ్యాపారంలోకి దిగారు. మొలగొలుకు వడ్లకి నెల్లూరులో గిరాకీ బాగా ఉంది. గోదాము కట్టాలి, లారీ రావాలి. వెనక వీధి నుంచి దారి ఉంది, కానీ అక్కడ ఆయన గడ్డివాములున్నాయి, అవి కదిలించాలి. ముందు స్థలమైతే లారీ రోడ్డు మీద నుంచి నేరుగా లోపలికి వస్తుంది. నా బాట మీద నుంచి.

"పీకేయాలని అప్పుడే చెప్పినా గదరా" అన్నారు మా ఆయనతో.

మా ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్నకి "సరే" అనలేదు. "పెద్దమనుషుల్ని పిలువన్నా" అన్నాడు. ఇంటికొచ్చి చెంబెడు మంచినీళ్ళు గటగటా తాగాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఊరి పెద్ద హజరత్తయ్యగారు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకి తీరిక దొరికింది ఆషాఢం మొదటి వారంలో, కోత సగంలో ఉండగా. రెండు వైపులు అయిపోయి, ఆడవాళ్ళు మూడో వైపు కోస్తున్నారు. మగవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. నేను మామూలుగా తలుపు వెనక. తోటలో కత్తుల చప్పుడు నెమ్మదిగా ఆగిపోయింది. అందరి చెవులూ ఇటే ఉన్నాయి.

బావగారు సూటిగా చెప్పారు. "స్థలం ఉమ్మడి. నాకు అవసరమొచ్చినప్పుడు ఖాళీ చెయ్యాలని ఆ రోజే మాట. గోదాము కడితే రెండు కుటుంబాలకీ రాబడి. తమ్ముడికీ భాగమిస్తా. ఈ తోటకి రాబడేంది? కాయా, పండా? గొడ్డు గూడా తినదు గదా దీన్ని."

అబద్ధం ఒక్కటీ లేదు. హజరత్తయ్యగారు గడ్డం గోక్కుంటూ మా ఆయన వైపు చూశారు. మా ఆయన తలుపు వైపు చూశాడు. ఆ చూపులో "నువ్వే చెప్పు" అన్నది నాకు స్పష్టంగా కనిపించింది.

తలుపు తీసుకుని బయటికొచ్చాను. పెళ్ళయి ఇన్నేళ్ళకి మొదటిసారి బావగారి ఎదట నిలబడ్డాను.

"బావగారూ, రాబడి అడిగినారు. పొద్దున మీకు సద్దన్నం పెట్టిన చెయ్యి ఏ రంగులో ఉండాదో చూసినారా?"

ఆయన దిగ్గున తలెత్తారు. నేను ఎదటపడి మాట్లాడానన్న ఆశ్చర్యంలోనే సగం మాట వినలేదనుకుంటాను. రెండో సగం చెంచమ్మక్క వినిపించింది. పెద్ద కత్తెర పట్టుకుని నేరుగా అరుగు మెట్ల దగ్గరికి వచ్చి, మొగుడి ముందు అరచెయ్యి చాపింది. మొన్న పెట్టుకున్న గోరింట చెంగావి రంగులో పండి ఉంది.

"ఈ చెయ్యే. చూడండి బాగా. రేపట్నుంచి ఇది ఒట్టిదే. ఒట్టి చేత్తో ఒట్టి కంచమే పెడతా."

తోటలో ఎవరో కిసుక్కున నవ్వారు. హజరత్తయ్యగారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు, దగ్గు కూడా నవ్వే అయింది. "పద్మనాభయ్యా, మా ఇంట్లో కూడా ఇదే ఎరుపు" అన్నారు. "మా ఆమెది, మా కోడళ్ళది. నా పంచెకి గూడా అంటుకోనుండాది చూడు." వెంట వచ్చిన ఇద్దరూ తలలు దించుకుని తమ పంచెలు చూసుకున్నారు.

"అది గాదు హజరత్తయ్యా, ఉమ్మడి స్థలం..." అన్నారు బావగారు.

"ఉమ్మడే. ఎవురు గాదన్నారు? నువ్వూ నీ తమ్ముడూ ఇద్దరే ఉమ్మడి అనుకుంటా ఉండావు. ఊరి ఆడోళ్ళంతా ఇందులో భాగస్తులైపొయ్యారు, నువ్వు అరుగు మీద కూర్చొని చూస్తా ఉండంగానే. వాళ్ళందరూ ఒప్పుకుంటే పీక్కో. పో, అడుగు. నేను మాత్రం అడగను, నాకు ఇంట్లో పన్లుండాయి."

బావగారు తోట వైపు చూశారు. గోరింట పైన వరసగా తలలు, వాటి పక్కన కొడవళ్ళు, కత్తిపీటలు, మాలకొండమ్మ చేపల కత్తి. అడగడానికి ఆయనకి కాళ్ళు రాలేదు. నేనైనా అడిగేదాన్ని కాదు.

నాకు మాత్రం హజరత్తయ్యగారి తీర్పు పూర్తిగా నచ్చలేదు. "ఆకు ఉమ్మడే గాని, తాడు నాది" అన్నాను. "తాడమ్మా, తాడు నీదే" అని ఆయన చేతులు జోడించారు.

నేను అక్కడితో ఆగలేదు. గెలిచే ఘడియ గుప్పెట్లో ఉండగా ఆగేది తెలివితక్కువవాళ్ళు. కోసి పడేసిన కొమ్మలు మూడు వైపులా కుప్పలుగా పడి ఉన్నాయి. తాడు తీసుకుని బావగారి ఇంటి పక్కకి పోయి, ఈ చివర ఒక మేకు, ఆ చివర ఒక మేకు కొట్టాను. ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆకు దూసిన పుల్లలు పట్టుకుని ఆడవాళ్ళందరూ వచ్చేశారు. గడ్డపారతో ఒకరు గుంట తీస్తే ఇంకొకరు గుచ్చారు, ఇంకొకరు కడవతో నీళ్ళు పోశారు. చెంచమ్మక్క తన ఇంటి ముందు వరస తనే గుచ్చుకుంది. ఆషాఢం ఎండలో పుల్ల గుచ్చితే బతుకుతుందా అని ఎవరూ అడగలేదు. బతకకపోతే కార్తీకంలో మళ్ళీ గుచ్చుతాను, నాకేం తొందర? బావగారి మనసు మారేలోపు గీత పడిపోవాలి, అంతే.

పెద్దమనుషులు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. బావగారు మాత్రం పోలేదు. కండువా భుజం మీద వేసుకుని, నాలుగో వైపు పూర్తయ్యేదాకా నిలబడే చూశారు. కోపంగా ఉన్నారో, అవమానంగా ఉందో నాకు తెలియలేదు. చివరి పుల్ల గుచ్చి నేను లేచి చేతులు దులుపుకునేటప్పటికి నా ఎదటికి వచ్చారు. మధ్యలో మా ఆయన లేడు, తలుపు లేదు.

"కామాక్షమ్మా" అన్నారు. ఆయన నోట నా పేరు వినడం అదే మొదలు. వేలితో అటూ ఇటూ చూపించి అడిగారు. "మరి లారీ ఎటుపక్క నుంచి రావాల?"

ఊరి ఆడవాళ్ళందరూ వింటుండగా అడిగారు. నిన్నటిదాకా ఈ ఊళ్ళో బండి ఎటు తిరగాలో, కాలవ ఎటు పారాలో చెప్పిన మనిషి నన్ను దారి అడిగారు.

"వెనక వీధి నుంచి బావగారూ" అన్నాను. "వాములు నేను జరిపిస్తా. దగ్గరుండి తాడు పట్టి గీత గీసిస్తా."

ఆయన తల ఊపారు. ఆ మాట అంటున్నప్పుడు నాకు కలిగిన సంతోషం, నిజం చెప్పాలంటే, పెళ్ళిపీటల మీద కూడా కలగలేదు. ఆ సంగతి ఆ రాత్రే మా ఆయనతో చెబితే, "సరే" అన్నాడు.